మిద్దె మీద గడ్డి పీకకండి

ఓవర్సీరు పనిలో చేరబోయే కుర్రవాళ్ళు ఈమధ్య నన్ను చూడడానికి రావడం ఎక్కువైంది. మర్యాదకు రెండు అరటిపండ్లు తెస్తారు, చాప మీద కూర్చుంటారు, అనుభవంతో నాలుగు మాటలు చెప్పమంటారు. సరేనని మొదలుపెట్టి మిద్దె మీద గడ్డి దగ్గరికి వచ్చేసరికి ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. పెద్దాయనకు ఎండదెబ్బ తగిలిందనుకుంటారు కాబోలు. అందుకని ఇక నోటితో చెప్పదలచుకోలేదు. రాసి పెడుతున్నాను. ఓపికున్నవాడు చదువుతాడు, లేనివాడు రేకుల కప్పు కింద కూర్చుని ఉడుకుతాడు.

నేను ఎప్పుడు ఏ మెట్టు ఎక్కానో, ఎవరు నన్ను ఎక్కడికి మార్చారో ఇందులో ఉండదు. ఆ కాగితాలను ఆఫీసులో ఎలుకలు ఈపాటికి చదివేసి ఉంటాయి. మోకాలు పోయి, నిచ్చెన ఎక్కలేని ఓవర్సీరు ఎందుకని నేనే ముందుగా దిగిపోయాను. అంతవరకు ఇరవయ్యేళ్ళకు పైగా కోవిల్‌పట్టి, సాత్తూరు, విరుదుపట్టి చుట్టూ సైకిలు మీద తిరిగాను. విరుదుపట్టిని విరుదునగర్ అనమన్నారు. రైలు స్టేషన్లో అంటాను, ఇంట్లో మాత్రం నోరు తిరగదు.

ఓవర్సీరు పని అంటే గోడలు కట్టించడం అనుకుంటారు. గోడలు మేస్త్రీలు కడతారు, వాళ్ళకు నాకంటే బాగా తెలుసు. మన పని చూడడం, చూసింది వెంటనే నోరు తెరిచి చెప్పడం. మొదటిది నాకు బాగానే వచ్చు. రెండోది రాక ఒక మనిషికి నేను చేసిన చెరుపు గురించే ఈ రాత.

ముసలమ్మ ఇల్లు

మాది కోవిల్‌పట్టికి, ఎట్టయాపురానికి నడుమ కరిసల్ నేలలో ఒక ఊరు. కరిసల్ అంటే నల్లరేగడి. ఇంట్లో తెలుగు మాట్లాడతాం, గడప దాటితే అరవం. తెలుగు చదవడం, రాయడం మా ఇళ్ళలో తక్కువ. నాకు ఈ నాలుగు అక్షరాలు వచ్చింది పెళ్ళికి ముందు అనంతపురం వైపు ఒక కంట్రాక్టరు దగ్గర నాలుగేళ్ళు పనిచేసినప్పుడు. అక్షరాలతో పాటు ఈ గడ్డి పిచ్చి కూడా అక్కడే అంటుకుంది.

అక్కడ మట్టి మిద్దెలు. దూలాల మీద కంప పరిచి, దాని మీద చౌడు మట్టి పోసి తొక్కుతారు. వాన వెలిసిందంటే చాలు, ప్రతివాడూ మిద్దెక్కి మొలిచిన గడ్డిని వేళ్ళతో సహా పీకేస్తాడు. నేనున్న వీధిలో ఒకే ఒక్క మిద్దె మీద గడ్డి మోకాలెత్తు పెరిగి ఉండేది. ఆ ఇంట్లో ఒక ముసలమ్మ ఒంటరిగా ఉండేది. ఆమె గడ్డిని పెంచింది కాదు, మెట్లెక్కలేక పీకలేకపోయింది. అంతే.

చైత్రం ఎండల్లో భోజనాలు కాగానే వీధిలోని ఆడవాళ్ళంతా కూరగాయల తట్టలు, చాటలు పట్టుకుని ఆ ముసలమ్మ ఇంటికి చేరేవారు. ఎందుకని అడిగాను. ఆమె ఇల్లు చల్లన అన్నారు. ఆమె మిద్దె మీద గడ్డి ఉంది కాబట్టి చల్లన, మీరు కూడా పీకకుండా వదిలేయండి అన్నాను. నవ్వారు. ఆ మనిషి పుణ్యాత్మురాలు, అందుకని చల్లన అన్నారు. నా కోపం ఆ రోజు మొదలైంది, ఇంకా దిగలేదు.

ఇందులో మంత్రం ఏమీ లేదు. ఎండ ముందు గడ్డి మీద పడుతుంది, గడ్డి నీడ మట్టి మీద పడుతుంది. మట్టిలో తడి మెల్లగా ఆరుతూ కప్పును చల్లబరుస్తుంది. సున్నపు గచ్చు నేరుగా ఎండకు మాడి, ఉన్నట్టుండి వానకు తడిసి పగుళ్ళివ్వదు. పెద్ద వాన పడితే నీళ్ళు ఒక్కసారిగా దూకి గోడ మొదలు కోసెయ్యకుండా మట్టి కొంత తాగి, మిగతాది నిదానంగా తూము గొట్టానికి వదులుతుంది. ఎండలకు గడ్డి ఎండిపోయినా వేరు బతికే ఉంటుంది, తొలి వానకు మళ్ళీ లేస్తుంది. ఒక పశువుల కాపరికి చెబితే అరనిమిషంలో అర్థం చేసుకున్నాడు. చదువుకున్నవాళ్ళకే పట్టలేదు.

తట్టెడు మట్టి పాఠం

సొంత ప్రాంతానికి వచ్చి ఓవర్సీరునయ్యాక నా పై ఇంజనీరుకు ఈ సంగతి చెప్పాను. ఆయన మెత్తని మనిషే గాని నాలుక పదును. కప్పు వేసేది నీళ్ళు పోవడానికా, నిలబడడానికా అని అడిగాడు. తరవాత మిద్దె మీద గేదెను కూడా కట్టేయమంటావా అన్నాడు. గుమాస్తాలు నెలరోజులు నన్ను పశువుల డాక్టరు అని పిలిచారు.

అయితే ఆ మనిషి వల్లే నాకు తెలిసిన గొప్ప సంగతి ఒకటుంది. మరుసటి రోజు ఆఫీసు వాకిట్లో ఒక తట్ట నిండా ఎండిన కరిసల్ మట్టి పెట్టించి నన్ను ఎత్తమన్నాడు. ఎత్తాను. అందులో బిందెడు నీళ్ళు పోయించాడు. నీళ్ళు కారిపోతాయనుకున్నాను. చుక్క కారలేదు, మట్టి మొత్తం తాగేసి ఉబ్బింది. మళ్ళీ ఎత్తమన్నాడు. మోకాలి దాకా వచ్చి ఆగింది తట్ట. తరవాత అంతే ఎర్రమట్టిలో బాయిలరు బొగ్గు గుల్లలు కలిపించి, అంతే నీళ్ళు పోయించాడు. సగం కారిపోయాయి, తట్ట సులువుగా లేచింది.

గడ్డి పెంచుకో, పూలు పెంచుకో, ముందు దూలాన్ని అడిగి పెంచుకో అన్నాడు. ఆ తట్ట బరువు నా చేతులకు ఇప్పటికీ గుర్తుంది. గుర్తుండి కూడా తరవాత నేను చేసిన పని చూడండి.

అత్త వెర్రి

మొదటి ప్రయత్నం మా మేనమామ ఇంటి మీద చేశాను. ఆయన కూతుర్నే నేను చేసుకున్నది. మామ ఊళ్ళో పెద్ద కాపు, పత్తి పండించేవాడు. మాట అంటే మాట. నన్ను చదివించినవాడు కూడా ఆయనే. కోర్టులో జడ్జీ ముందైనా నేను నోరెత్తగలను గాని, ఆయన ముందు ఎత్తలేను. ఇది గుర్తుపెట్టుకోండి.

ఆయన వసారా మీద పలచగా ఎర్రమట్టి పరిచి గడ్డి నాటించి వెళ్ళాను. పది రోజులకు వచ్చి చూస్తే కప్పు బోడిగుండు. నీళ్ళు లేక ఎండిందేమోనని మళ్ళీ నాటించాను. మళ్ళీ బోడి. మూడోసారి చెప్పకుండా వచ్చాను. శుక్రవారం పొద్దున మా అత్త తలకు గుడ్డ చుట్టుకుని మిద్దె మీద కూర్చుని గడ్డి పీకుతోంది.

"ఇంటి మింద జిల్లేడు మొలవనీ అని పగోడు తిడతాడు నాయనా. నువ్వు అల్లుడివై ఉండి మొలిపిస్తావా? చూసేవాళ్ళు ఈ ఇంట్లో మనుషులు లేరని అనుకోరా?"

ఇది జిల్లేడు కాదత్తా, గడ్డి అన్నాను.

"నేడు పుల్లు, రేపు జిల్లేడు" అని ఆమె ఇంకో పిడికెడు పీకింది.

పుల్లు అంటే అరవంలో గడ్డి. పచ్చ మొలిచిన కప్పు అంటే మనిషి లేని కొంప అని ఈ ప్రాంతంలో ప్రతి ఆడమనిషికీ ఉగ్గుపాలతో పట్టించారు. ఇంజనీరు ఎగతాళిని తట్టుకోవచ్చు, అత్తల శుక్రవారాలను తట్టుకోవడం కష్టం.

చెన్నప్ప కళ్ళు

విరుదుపట్టి అంచున మామకు ఒక పొడుగాటి కట్టడం ఉండేది. పత్తి నిలవకని కట్టించాడు, తరవాత నేతగాళ్ళకు ఇచ్చాడు. అందులో నాలుగు గుంట మగ్గాలు. పెద్ద మగ్గం చెన్నప్పది. నాకంటే పదేళ్ళు పెద్దవాడు, మాలాగే ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబం. ఆయన భార్య ఓబక్క తెగిన పోగులు ముడేసేది.

ఆ కప్పు తాటి దూలాల మీద ఇటుక, సున్నం వేసిన మిద్దె. పొద్దున పది దాటితే కింద పెనం మీద కూర్చున్నట్టు ఉండేది. ఆ పొడి వేడికి పడుగు పోగులు పటపట తెగేవి. మధ్యాహ్నం అరగజం నేస్తే ఓబక్కకు వంద ముళ్ళు వేసే పని. అందుకని వాళ్ళు తెల్లవారుజామున కొంత, పొద్దు గూకాక దీపం పెట్టుకుని కొంత నేసేవారు. పగలంతా మగ్గం ఖాళీ.

ఒకసారి గోడ పగులు చూడడానికి వెళ్ళినప్పుడు చెన్నప్ప నన్ను పక్కకు పిలిచాడు.

"అయ్యా, దీపంలో నాకు పోగు కండ్లకు తెలియలేదు. రెండేండ్లుగా చేత్తో తడిమి నేస్తా ఉండాను. పగలు నేసే మాదిరి ఏదైనా చేయండి. ఇంకా దీపంలోనే నేసేదైతే ఉండే చూపు కూడా పోతాది."

ఎవరికీ చెప్పవద్దన్నాడు. చూపు పోయిన నేతగాడికి మంచి నూలు ఎవరూ ఇవ్వరు.  ఇన్నేళ్ళు నేను చల్లదనం, సుఖం అని వాదిస్తూ వచ్చాను. ఈయనకు కావలసింది సుఖం కాదు, పగటి వెలుతురులో పని.

దూలాలన్నీ తట్టి చూశాను, ఒక్కొక్క దాని కొస గోకి చూశాను. ఇంజనీరు తట్ట గుర్తు తెచ్చుకుని లెక్క వేశాను. కరక్కాయ, బెల్లం నీళ్ళు కలిపిన సున్నంతో కప్పు మీద కొత్త గచ్చు, దాని మీద ఇటుక ముక్కలు, వాటి మీద నాలుగు వేళ్ళ మందాన ఎర్రమట్టి, బొగ్గు గుల్లలు. అంతకు మించి పిడికెడు కూడా వద్దని మేస్త్రీకి మూడుసార్లు చెప్పాను. మామ కూడా ఒప్పుకున్నాడు. ఓబక్క ఒక్కతే తాగడానికి నీళ్ళు లేని ఊళ్ళో మిద్దెకు నీళ్ళా అని అడిగింది. న్యాయమైన మాటే. నూలు తడిపి పారబోసే నీళ్ళు పైకి మొయ్యమన్నాను. సణిగినా ఒప్పుకుంది.

మామ మన్ను

గచ్చు ఆరుతుండగా నాకు సాత్తూరు పక్కన వంతెన పని పడింది. పది రోజులు అక్కడే ఉన్నాను. తిరిగొచ్చేసరికి మిద్దె మీద పని పూర్తయిపోయింది. మామ తలపాగా చుట్టుకుని వాకిట్లో కుర్చీలో కూర్చున్నాడు. నిచ్చెన ఎక్కి చూశాను. ఒక మూర మందాన నల్లటి కరిసల్ మట్టి, చదును చేసి, అంచులు కట్టి, అచ్చం మడిలాగా ఉంది.

సొంత పొలంలోంచి బండ్ల మీద తోలించాడట. నేను చెప్పిన ఎర్రమట్టి ఆయనకు అవమానంగా తోచింది.

"ఎర్రమన్ను ఒక మన్నారా? నాలుగు తరాలుగా నా కరిసల్ తిని పెరిగినోళ్ళం. నా కట్టడం మింద గొర్రెలు మేసే గరుసు పోయనిస్తానా? పుల్లు కావాలంటివే, చూడు, ఇందులో పుల్లు కాదు, పత్తి కూడా పండుతాది."

ఈ పొరపాటు ఇంకెవరూ చెయ్యరు, మావాళ్ళే చేస్తారు. మాకు నల్లరేగడి అంటే మట్టి కాదు, తల్లి. ఆడపిల్లను ఇచ్చేటప్పుడు కూడా ఆ ఊరి నేల నల్లదా ఎర్రదా అని అడుగుతాం. మామ చెడు చెయ్యాలని చెయ్యలేదు. తన దగ్గర ఉన్నదాంట్లో శ్రేష్ఠమైనది తెచ్చి పోశాడు.

ఆ మట్టి తడిస్తే ఎంత బరువెక్కుతుందో నాకు తెలుసు. ఆ తాటి దూలాలు ఎంత మొయ్యగలవో తెలుసు. ఐప్పసి నెల, అంటే ఆశ్వయుజం దాటాక పట్టే పెద్ద వానలకు ఇంకా మూడు వారాలు ఉందని కూడా తెలుసు. మామా, దీన్ని ఇప్పుడే దింపించాలి అనాలి. అనలేదు. బాగుంది మామా అన్నాను. వానల తరవాత కొంచెం తగ్గిద్దాంలే అని మనసులో సర్దుకున్నాను. ఆ మాట అన్నప్పుడు చెన్నప్ప పక్కనే నిలబడి ఉన్నాడు. నేను బాగుందన్నాను కాబట్టి బాగుందనే అనుకున్నాడు.

అన్యాయం ఏమిటంటే, మొదటి రెండు వారాలు అది నిజంగానే బాగుంది. గడ్డి మొలిచింది. మధ్యాహ్నం మగ్గం ఆడింది. చెన్నప్ప కోవిల్‌పట్టి సంతకు వచ్చి, మూడు గంటల పొద్దులో పోగు తెగకుండా నేశానని నాకు చెప్పి వెళ్ళాడు. ఆ మొహం చూసి నా భయాన్ని నేనే తిట్టుకున్నాను.

తలుపు పట్టేసింది

వానలు పట్టాయి. వదలకుండా అయిదు రోజులు పడ్డాయి. నేను మళ్ళీ వంతెన దగ్గర. ఒక మంగళవారం విరుదుపట్టి నుంచి వచ్చిన మిరపకాయల వ్యాపారి ఒకడు మాటల్లో, మీ మామగారి మగ్గాల కొట్టంలో తలుపు పట్టేస్తోందట, ఓబక్క నాటు కొయ్యను తిడుతోంది అన్నాడు.

వానకు తలుపులు ఉబ్బుతాయి, నిజమే. కాని ఆ తలుపు పాత టేకు. ఉబ్బే వయసు దానికి ఎప్పుడో దాటింది. పైనుంచి దూలం కుంగి ద్వారబంధాన్ని నొక్కితే గాని అది పట్టెయ్యదు. నాకు తక్షణం అర్థమైంది. అర్థమై కూడా, ఎలాగూ గురువారం అటు వెళ్ళే పని ఉంది కదా అనుకున్నాను. రైలు గంటలోనే ఉంది. ఎక్కలేదు. వెళితే మామకు చెప్పాలి మరి, ఆయన మన్ను దింపించాలని.

బుధవారం పొద్దున దూలం విరిగింది. ఒకటి విరగగానే పక్కది కూడా కూలింది. ఉబ్బిన కరిసల్ అంతా చెన్నప్ప మగ్గం మీద పడింది. ఆ సమయానికి ఆయన మగ్గంలో లేడు. తలుపు మూసుకోవడం లేదని ఓబక్క పోరుతుంటే లేచి వెళ్ళి, వాకిలి బయట కూర్చుని దాని అంచు చిత్రిక పడుతున్నాడు. ఆయన్ను కాపాడింది ఆ తలుపే, నేను కాదు. మగ్గం నలిగిపోయింది. అది ఆయన తండ్రి చేసుకున్న మగ్గం. కొత్తగా ఎక్కించిన పడుగు మొత్తం బురదలో కలిసింది.

గురువారం నేను చేరేసరికి ఊరంతా తేల్చేసింది. గడ్డి వల్ల కూలిందట. ఇంటి మీద పచ్చ మొలిపిస్తే ఇంతే అన్నారు. మా అత్త పల్లెనుంచి బండి కట్టించుకుని వచ్చి మరీ, చెప్పానా లేదా అంది. మామ నా వంక చూసి తల తిప్పుకున్నాడు. అంత బురదలో, అన్ని బండ్ల నల్లమట్టి కళ్ళ ముందు గుట్టగా పడి ఉండగా, ఒక్క మనిషి కూడా మట్టిని అనలేదు. పిడికెడు గడ్డి దొరికింది అందరికీ తప్పు మొయ్యడానికి.

అప్పుడు నాకు ఒళ్ళు మండింది. నలుగురిలో అన్నాను: "మామా, కప్పును కూల్చింది గడ్డి కాదు, మీ మన్ను."

నిజమే చెప్పాను గాని సగమే చెప్పాను. ఆ మన్ను చూసిన రోజే నాకు తెలుసన్న మాట చెప్పలేదు. మిగతా సగం మింగేసి, ఇంత ధైర్యంగా మాట్లాడానని ఆ రోజు గర్వపడ్డాను కూడా.

గరిక

మామ మూడేళ్ళు నాతో మాట్లాడలేదు. మా ఇంట్లో అన్నం కూడా నెలరోజులు చల్లారాకే వడ్డించారు. అవి నాకు పెద్ద కష్టాలు కావు. చెన్నప్ప సంగతి వేరు. కట్టడం బాగుపడేవరకు ఆయన అరుప్పుకోట్టై రోడ్డులో ఇంకొకరి మగ్గంలో నేశాడు. పగలు ఆ మగ్గం వాళ్ళది, పొద్దు గూకాక ఈయనది. దీపం వద్దనే కదా నన్ను అడిగింది? నా పుణ్యమా అని ఏడాదికి పైగా దీపంలోనే నేశాడు. ఉన్న చూపులో సగానికి పైగా ఆ ఏడాదే పోయింది.

ఎట్టకేలకు కప్పు మళ్ళీ వేయించడానికి మామ ఒప్పుకున్నాడు. నాతో కాదు, నా భార్యతో చెప్పి పంపాడు: "ఏం పోసుకుంటాడో పోసుకోమను. నా తావులోంచి పిడికెడు మన్ను రాదు." నేను మొదటినుంచీ కోరుకున్నది అదేనని ఆయనకు ఎవరు చెబుతారు?

ఈసారి నేను అక్కడినుంచి కదల్లేదు. ప్రతి తట్టా నా కళ్ళ ముందే పైకి వెళ్ళింది. ఎర్రమట్టి, బొగ్గు గుల్లలు, నాలుగు వేళ్ళు. గడ్డి విషయంలో కూడా బుద్ధి వచ్చింది. ఆడవాళ్ళతో శాస్త్రం వాదించడం మానేసి గరిక నాటించాను. ఇది పుల్లు కాదు ఓబక్కా, వినాయకుడి గరిక, పీకితే ఆయనకు కోపం అన్నాను. ఓబక్క కళ్ళకద్దుకుంది. శుక్రవారాల బాధ ఆ రోజుతో తీరింది.

తీరిందనుకున్నాను. వినాయక చవితి ముందు రోజు వెళ్ళి చూస్తే వీధికి వీధే మిద్దె మీద ఉంది. ఇంత శుభ్రమైన గరిక, మనిషి కాలు పడని గరిక ఊళ్ళో ఇంకెక్కడుంది? బుట్టలు బుట్టలు కోసుకుపోయారు. నేను చెప్పిన అబద్ధమే నా నెత్తిన పడింది. కోసుకోండి తల్లీ, వేరుతో లాగకండి అని ఏడాదికోసారి వెళ్ళి మొత్తుకోవడం నా ఉద్యోగంలో భాగమైంది. గరిక గట్టిది కాబట్టి బతికింది.

అది బతికింది, మగ్గాలు పగలు ఆడాయి. ఎండాకాలంలో కూడా మధ్యాహ్నం మూడింటికి ఆ కొట్టంలో పడుగు మధ్య అటూ ఇటూ పరిగెత్తే నాడె చప్పుడు వినిపించేది. గచ్చు ఒక్క చోట పగల్లేదు, గోడ మొదలు ఒక్కసారి కోసుకుపోలేదు. మిద్దె మీద గేదెను కట్టేయమంటావా అన్న ఇంజనీరు బదిలీ అయ్యేముందు వచ్చి చూసి, దూలాన్ని అడిగావా అన్నాడు. అడిగానన్నాను. మామ కూడా చివరికి గొడ్ల కొట్టం మీద గరిక పెట్టించాడని విని అత్తను ఏ మన్ను అని అడిగాను. ఎర్రమన్నే అని చెప్పి, ఈ మాట ఆయనతో అనొద్దు నాయనా అంది.

చివరిసారి

మోకాలు పూర్తిగా మొరాయించకముందు, ఉద్యోగం వదలబోతూ చెన్నప్ప కొట్టం చూడడానికి వెళ్ళాను. మండుటెండ. లోపల చల్లగా ఉంది. చెన్నప్ప గుంటలో కాళ్ళు పెట్టుకుని నేస్తున్నాడు. కిటికీ వెలుతురు నేరుగా పడితే పోగు మసకగా తెలుస్తుంది, మిగతాదంతా చెయ్యే చూసుకుంటుంది. కిటికీకి దూరంగా ఉన్నదేదీ ఇప్పుడు ఆయనకు కనపడదు. తొడిమ తెలియక వంకాయ కూడా చేత్తో తడిమి తింటాడని ఓబక్క నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదు.

పైకెక్కి గరిక చూశాను. కిందికి వచ్చి, లోపల నిచ్చెన వేసుకుని దూలాల కొసలు ఒక్కొక్కటే గోకాను. మూడోదాని కొసలో సూది గుచ్చితే మెత్తగా దిగిపోయింది. చెద.

"పైన ఎట్లుండాది అయ్యా?" అని చెన్నప్ప నాడె ఆపకుండానే అడిగాడు.

బాగుంది అన్న మాట నాలుక చివర దాకా వచ్చింది. అలవాటు ఎక్కడికి పోతుంది?

"గరిక బాగుంది చెన్నప్పన్నా. మూడో దూలం కొసను చెద తినేసింది. ఈ పొద్దే కింద ఆసరా పెట్టించాలి. అంతవరకు మగ్గంలో కూర్చోవద్దు."

నాడె ఆగింది. ఆయన నేసిన గుడ్డ అంచు వేళ్ళతో తడిమాడు.

"ఆ పొద్దు మీ మామ కరిసల్ మన్ను పోసినాడే, అది చూసినప్పుడు కూడా మీకు తెలుసునా?"

ఈ ప్రశ్నకు ఇన్నేళ్ళలో నేను ఎన్ని జవాబులు కట్టి పెట్టుకున్నానో లెక్కలేదు. మామ పెద్దరికం, వంతెన పని, వానలు ముందుగా రావడం. అన్నీ సిద్ధంగానే ఉన్నాయి. ఆయన మొహం చూశాక ఒక్కటి కూడా బయటికి తీయబుద్ధి కాలేదు.

"తెలుసు" అన్నాను.

ఓబక్క ముడి వేస్తున్న పోగు అలాగే పట్టుకుని నా వంక చూసింది. చెన్నప్ప కాళ్ళు గుంటలోంచి తీసి, గోడ పట్టుకుని లేచి, నా మాట వినిపించిన వైపు చెయ్యి చాచాడు.

"నిచ్చెన మెట్లు నాకు తెలియవు. చెయ్యి పట్టుకోండి. ఆ దూలం నేను చూడాల."

ఒకరికి కళ్ళు లేవు, ఒకరికి మోకాళ్ళు లేవు. నేను కింద నిలబడి ఒక్కొక్క మెట్టు మీద ఆయన పాదం పెట్టించాను. పైకి చేరాక దూలం వెంట చెయ్యి పోనిచ్చి, కొస దాకా వెళ్ళి, వేలితో నొక్కాడు. పొడి రాలి నా మొహం మీద పడింది. అంతకుముందు నేను చెప్పిన మాటను ఆయన ఎప్పుడూ చేత్తో తడిమి చూసుకోలేదు.

"నిజమే" అన్నాడు.